మూలనున్న నాలుగు కణాలు

ఆసుపత్రి ఎదురుగా టీ కొట్టు బల్ల మీద ఒక పెద్దమనిషి రిపోర్టు కవరు పట్టుకుని కూర్చున్నాడు. పోయిన మంగళవారం ఆయన భార్య కడుపు లోపలి పొర నుంచి గోరంత ముక్క తీశారట. పొరంతా బాగానే ఉంది, ఒక్క మూల మాత్రం చెడ్డ కణాలున్నాయని రాశారు. రేపు పొద్దున ఎనిమిదింటికి ఆపరేషన్, కడుపు సగం తీసేస్తారు. అంబులెన్సు నడిపే నాకు ఇంతవరకు చెప్పాడో లేదో, మేమంతా ల్యాబ్ బాబాయ్ అని పిలిచే టెక్నీషియన్ వచ్చి పక్కన కూలబడ్డాడు. వెనకే ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి. ఇక మాకు మాట్లాడే వంతు ఎక్కడిది.

"ముప్పై ఏళ్లుగా ముక్కలు కోస్తున్నానండీ," అని మొదలెట్టాడు బాబాయ్. "మైనం బిళ్లలో గడ్డకట్టించిన ముక్కని మిషనుకి బిగించి, తలవెంట్రుకలో ఇరవయ్యో వంతు మందాన పొర తీస్తా. గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది. దాన్ని గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో వదిలితే ముడతలు విప్పుకుంటుంది, అప్పుడు అద్దం మీదకి తీసుకుంటా. మైక్రోస్కోపులో ఒక్కసారి చూసి ఏ అవయవమో చెప్పేస్తా. కడుపు కణాలు గోడకి ఇటుకల్లా వరసగా నిలబడతాయి, కండవి దారప్పోగుల్లా పడుకుంటాయి. దేని పద్ధతి దానిది."

"మనిషి పేరు కూడా చెప్తావా బాబాయ్?" అన్నాను.

"పేర్లు నాకెందుకు, నంబర్లు చాలు. మధ్యలో రాకు. మొన్న మంగళవారం ఎవరిదో కడుపు ముక్క కోసి, రంగేసి చూశాను కదా, ఇటుకల వరస చక్కగా ఉంది, ఓ మూల మాత్రం నాలుగు కణాలు, ఆ వరసవి కావు, ఇంతింత నల్లటి తలకాయలు. నేను వాటిని చూశా. అవీ నన్ను చూశాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

పెద్దమనిషి చేతిలో టీ అలాగే ఉంది. "ఏమైంది?" అన్నాడు.

"కదిలాయండీ. చచ్చి మైనంలో మునిగినవి ఒకదాన్నొకటి తడుముకుంటూ దగ్గరకి జరిగాయి. ఒంటరిగా ఉండాలంటే కణానికీ భయమే. నాలుగు నలభై అయ్యాయి, నలభై కాస్తా నాలుగు వేలయ్యాయి, పొర కట్టాయి, పొర చుట్టుకుని గొట్టమైంది, గొట్టానికి కండ పట్టింది, పట్టి తొట్టిలోకి జారింది. నీళ్లలో బుడగలు. ఊపిరి తీస్తోంది."

అమ్మాయి కప్పు కింద పెట్టింది. "తొట్టిలోనా?"

"తొట్టిలోనే. అంతటితో ఆగిందా? బీరువాలో ముప్పై ఏళ్ల బిళ్లలున్నాయి కదా, అవి లోపల్నుంచి గీకడం మొదలెట్టాయి. ఎవరిదో గుండె, ఎవరిదో మూత్రపిండం, ఎవరిదో చెవి తమ్మె. పట్టపగలు, ట్యూబులైటు వెలుగుతోంది, నా వెన్నులో మాత్రం చలి. సొరుగులు తెరుచుకుని, ముక్కలన్నీ నేలమీద పాకుతూ వచ్చి వాటి వాటి చోట్లు వెతుక్కున్నాయి. అన్నీ అతుక్కుని ఓ మనిషి లేచి నిలబడ్డాడు. చేతులు రెండూ ఒకే పొడవు లేవు. 'బాబాయ్, నాలో నాది కానిదేదో ఉంది, తీసెయ్యి' అన్నాడు. ఇంకోడైతే అక్కడే గుండాగి పోయేవాడు. నేను 'ఎవరి సొరుగులోకి వాళ్లు పదండి' అని గదమాయించా. నోరెత్తకుండా పోయారు. ఆ నాలుగు కణాలే మొండికేసి మూలన ఉండిపోయాయి. ఆ అద్దం స్లైడు అలాగే డాక్టరు గారికి పంపేశా."

ఎవరం నవ్వలేదు.

"బాబాయ్," అంది అమ్మాయి నెమ్మదిగా, "ఆ కడుపు ముక్కకి ముందు ఏం కోశారు?"

"ఎవరిదో ఊపిరితిత్తి క్యాన్సర్ గడ్డ."

"మధ్యలో తొట్టి నీళ్ల మీద కాగితం లాగారా?"

నీళ్ల మీద తేలే తునకల్ని ప్రతిసారీ కాగితంతో తీసెయ్యాలట. లేకపోతే ముందు మనిషి తునక తర్వాతి మనిషి ముక్కకి అంటుకుంటుందని అమ్మాయే మాకు చెప్పింది.

"ఆ రోజు పని ఎక్కువగా ఉంది," అన్నాడు బాబాయ్.

పెద్దమనిషి కవరులోంచి కాగితం తీసి ఆయన ముందు పెట్టాడు. "ఈ నంబరేనా చూడండి."

బాబాయ్ నంబరు చదివి అదేనన్నట్టు తల ఊపాడు.

"బిళ్లలో ఇంకా ముక్క మిగిలుందమ్మా," అన్నాడు అమ్మాయితో. "కొత్త నీళ్లు పోసి నువ్వు కొయ్యి, నేను ముట్టను." తర్వాత పెద్దమనిషి వైపు తిరిగాడు. "నేను వెళ్లి డాక్టరు గారికి ఉన్నదున్నట్టు చెప్తాను. కానీ నా కోతలు ఎరిగిన మనిషి, నేనొక్కణ్నే చెప్తే ఆయన నమ్మరండీ. మీరూ రండి."