వెల్డింగ్ షాపులో నక్షత్రకాంతి పాఠం

“ఈ చదువుతో బిడ్డ కళ్ళు పోతే ఎవరు తెచ్చిస్తారు మేడమ్?” అని ల్యాబ్ అటెండర్ పీరాంబీ ముందుగానే కంగారుపడి అడిగితే, అందరూ నవ్విన చోట నవ్వనివారు శ్రీమతి రేవతి మేడమ్ గారొక్కరే. 1991 ఆగస్టు 12న మాచర్లలో భౌతికశాస్త్ర అధ్యాపకురాలిగా చేరి, గురజాల మీదుగా నరసరావుపేట విచ్చేసి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయుచున్న వారికి ఆ పీరాంబీయే గౌరవంతో, కొంత బెంగతో సమర్పిస్తున్న నాలుగు మాటలివి.

మాచర్లలో కరెంటు లేని రోజున కిటికీ సందులోని ఎండతోనే పట్టకం ప్రయోగం చేయించారట. గురజాలలో బస్సు తప్పిన ఆడపిల్లలతో బస్టాండులో తామూ కూర్చునేవారట. నరసరావుపేటలో పీరాంబీ కళ్ళారా చూసింది మరొకటి: ప్రశ్న అడిగాక జవాబు వచ్చేదాకా తొందరపెట్టక, తాము అందించక, మౌనంగా వేచి ఉండడం వారి పద్ధతి.

పీరాంబీ కుమార్తె అల్ఫియా ఎమ్మెస్సీలో చేరి నక్షత్రాల అతినీలలోహిత కాంతిని గురించి చదువుతానంది. వెల్డింగ్ మంటలోనూ ఆ కాంతే ఉంటుందని విన్న తల్లికి గుండె జారింది. వెల్డింగ్ షాపు నడిపే భర్త షౌకత్ కళ్ళు వాచి తడిగుడ్డతో పడుకున్న రోజులు ఆమె ఎరుగును. షౌకత్ సరే అనలేదు, వద్దనలేదు. దరఖాస్తు గడువు దగ్గరపడింది.

ఒక సాయంత్రం తల్లీ తండ్రీ కూతురూ ముగ్గురూ ఉండగా మేడమ్ గారే షాపుకు వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

“నీ భయం ఉత్తది కాదు పీరాంబీ, కాంతి అదే. కానీ నక్షత్రాల మధ్య వాయువు, ధూళి మేఘాల్లా ఉంటాయి. ఆ కాంతిని దారిలోనే చాలావరకు మింగేస్తాయి, కొంత చెదరగొడతాయి. మింగిన ధూళి వెచ్చబడి, ఆ వేడిని వేరే కిరణాలుగా వదులుతుంది. తప్పించుకొచ్చిన కాస్తనీ మన గాలి ఆపుతుంది. అందుకే పరికరాలను గాలి పొర దాటించి పైకి పంపారు. అల్ఫియా చూసేది అవి పంపిన గీతల్నే, కంప్యూటర్లో.”

“అంతా మింగేస్తే ఇంక చదవడానికేముంది?”

“ఎంత తగ్గిందో చూస్తేనేగా అమ్మా, మధ్యలో ఏముందో తెలిసేది!” అంది అల్ఫియా.

“కంప్యూటర్ చూసీ చూసీ కళ్ళు పోతేనో?”

“కళ్ళజోడు నేను కొనిపెడతాలే,” అన్నారు మేడమ్ గారు. తర్వాత షౌకత్ వైపు తిరిగి, “మీరేమంటారు?” అని అడిగి ఊరుకున్నారు.

టీ చల్లారింది. పీరాంబీ నోరు తెరవబోతే మేడమ్ గారు చేయెత్తి వారించారు. చాలాసేపటికి షౌకత్ చేతిలోని వెల్డింగ్ నల్లద్దాన్ని బల్లమీద పెట్టి ఇచ్చిన జవాబు కన్నా మేలైన శుభాకాంక్ష పీరాంబీకి తోచలేదు గనుక, కళాశాల వారందరి పక్షాన దానినే వారికి అందజేస్తున్నది.

“పంపిస్తా మేడమ్. మీరు మాత్రం ఒళ్ళు జాగర్త. రేపు బిడ్డకేదన్నా అర్థంగాకపోతే మేమెవర్ని అడగాల? అల్లా మిమ్మల్ని ఆరోగ్యంగా, నిండు నూరేళ్ళు ఉంచాల.”