గంటెలో చిటపట

గద్వాల పక్కన పత్తి మిల్లు, యుద్ధంతో ఏ నూనే దొరకని లడాయి రోజులు. ట్రాన్స్‌ఫార్మర్ గదిలో మిస్త్రీ రామన్న, అతని కింద నూనె చూసే ఇస్రాయేలు.

"మళ్ల కాగబెట్టు."

"రెండు మాట్లు కాగబెట్టిన రామన్నా. ట్రాన్స్‌ఫార్మర్ కింది నల్ల తిప్పి నూనె గంటెల పట్టిన. పొయ్యి మీద పెడితే చిటపటమంటుంది. నూనెల నీళ్లు చేరినయి."

"గంటె తడిగున్నదేమో."

"ఎండల పెట్టి తుడిచిన గంటె."

"వాన చెమ్మ పట్టింటది లే."

"వాన పడి నాలుగు నెలలాయె. కట్టె ఒక కొస ట్రాన్స్‌ఫార్మర్‌కు, ఇంకో కొస చెవికి ఆనిచ్చి విను. రోజూ గుయ్యిమంటుండె, ఇప్పుడు నడుమ నడుమ టక్కుమంటుంది."

"విన్న."

"ఎప్పుడు?"

"మొన్న."

"మొన్న విని ఊకున్నవా?"

"ఏం జేయాలె? అయిజ నుంచొచ్చిన పత్తి బండ్లు గేటు దాక నిలబడ్డయి. కరెంటు బంద్ పెడితే మిల్లు సావుకారి అడుగుతడు, నీళ్లెట్ల వచ్చినయని. ఈ గది తాళాలు రెండే. ఒకటి నీ దగ్గర, ఒకటి నా దగ్గర."

"ఇది పేలితే గోడకవతల పత్తి. పత్తి నడుమ నలభై మంది ఆడోళ్లు. మా చెల్లె తిరుపతమ్మ గూడ."

"తెల్సు."

"తెల్సి గట్ల కూసున్నవా?"

"ఇద్దర్ల ఒకడు జైలుకు పోతడు ఇస్రాయేలూ. జర ఆలోచించు."

"ఆలోచించే చెప్తున్న. నేనే."

"ఏంది నువ్వే?"

"మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఈ నూనె రాస్తే నొప్పి గుంజుతదని అందరూ అంటుంటే సీసెడు తీసిన. అద్దంల నూనె మట్టం తగ్గినట్టు కనపడకుండ పల్లినూనె పోసిన."

"పల్లినూనెనా?"

"ఆ. నా పేరు చెప్పి బంద్ చేయించు."

"నీళ్లు పొయ్యలే?"

"ప్రభువు మీద ఒట్టు. చుక్క పొయ్యలే."

"చుక్క గూడ?"

"ఎన్నిసార్లడుగుతవ్? విను, కట్టె లేకున్నా ఇనొస్తుంది టక్కుటక్కు. నాకు భయమైతుంది రామన్నా. పో, ఇస్రాయేలు చేసిండని చెప్పు."

"నువ్వు గాదు."

"మరి ఎవరు?"

"స్విచ్చి దించురా. పల్లినూనె చిటపటమనదు. మా ఇంటామె నడుముకు నేను గూడ తీసిన. నీళ్లు పోసింది నేను."