ఆషాఢం రేటు

కోరుట్లలో ఒక ఫంక్షన్ హాలు. ముత్యంపేట నుంచి వచ్చిన మేస్త్రీ హన్మండ్లు, జగిత్యాలలో నర్సుగా పనిచేసే అతని కూతురు హేమలత, హాలు మేనేజరు ప్రేమ్‌సాగర్.

"లక్షా ఇరవై. ఏసీ ఏత్తే కరెంటు బిల్లు వేరే. క్లీనింగ్ వేరే. జనరేటర్‌కు డీజిల్ మీదే. ముత్యంపేట కాన్నుంచి అచ్చినవని చెప్తున్న అన్నా, గిది అందరికి చెప్పే రేటు గాదు."

"అందరికి ఎంత చెప్తవ్ తమ్మి?"

"గంతే అనుకో."

"బాపు, పోదాం పా. మనకు గింత పెద్ద హాలెందుకు?"

"ఆగు హేమా. తమ్మి, ఆషాఢంల ఎంత?"

"ఆషాఢంలనా? ముహూర్తాలే ఉండయన్నా. హాలుకు తాళమేసి నేను మా అత్తగారింటికి పోత."

"గా తాళం తీసుడుకు ఎంతని అడుగుతున్న."

"నలభై అనుకో. గని నా సర్వీసుల ఆషాఢం పెండ్లి చూడలే. పంతులు రాడు."

"పంతులుతోని పని లేదు."

"పంతులు లేకుంట ఎట్ల బాపు?"

"నీకు పంతులు గావాల్నా బిడ్డా?"

"నాకని గాదు... నలుగురు అడుగుతరు గద."

"అడగనియ్యి. తమ్మి, కింది హాలు వద్దు. మీద బువ్వ తినే హాలు ఒక్కటైతే?"

"స్టేజీ లేకుంటనా? మరి పెండ్లిపిల్ల, పిలగాడు యాడ కూసుంటరు?"

"అందరితోని పంక్తిల. వాళ్లకు ఆకలి గాదా?"

"అన్నా, నువ్వు పెండ్లి చేత్తున్నవా, దావత్ చేత్తున్నవా?"

"ఇరవై అయిదు. రెండు వందల మంది. కూలర్లు నీయి."

"ముప్పై. కూలర్లు నాలుగున్నయి. రెండు గాలి కొడుతయి, రెండు చప్పుడు చేత్తయి. కూసోండ్రి, మీదికి వోయి తాళంచేతులు తెత్త."

"బాపు, ఆయన అచ్చే లోపల ఒక్క మాట. శ్రావణ్ సంగతి నీకు చెప్పి వారం గూడ గాలే. వాళ్లది వేరే కులమంటే కొట్లాడుతవనుకున్న. ఊకొట్టి ఊకున్నవ్. ఇప్పుడేమో ఆషాఢంల పెండ్లంటున్నవ్. జెర ఆగరాదు?"

"ఆగితే రేటు వెరుగుతది."

"రేటు గాదు. నీకు ఇంకోటి చెప్పాలె."

"చెప్పు."

"...ఇంటికి వోయినంక చెప్త."

"జగిత్యాల రిజిస్ట్రార్ ఆఫీసు ముచ్చటేనా?"

"ఏ ఆఫీసు బాపు?"

"పోయిన నెల అండ్ల దండలు మార్సుకున్న ముచ్చటేనా?"

"నీకెవలు చెప్పిండ్రు బాపు?"

"మన వాడకట్టు సమ్మవ్వ ప్లాటు రిజిస్ట్రేషన్‌కు వోయింది. బోర్డు మీద మీ ఇద్దరి ఫొటోలు చూసిందట. నెల రోజుల నోటీసు."

"అంటే, పెండ్లి గాక ముందుగాల్నే నీకు ఎర్కనా?"

"ఎర్కనే."

"మరి ఎందుకు తిట్టకపోయినవ్? అడ్డం రాకపోయినవ్?"

"పిలుస్తవేమోనని చూసిన."

"భయమైంది బాపు. అచ్చి లొల్లి చేత్తవనుకున్న."

"అచ్చిన. లొల్లి చెయ్యలే. నోటీసు రోజులు లెక్కవెట్టుకొని, తెల్లంగి ఏసుకొని రోడ్డవతల చాయ్ హోటల్ల కూసున్న. పెండ్లైతే అయిపాయె, ఇగ ముహూర్తమెందుకు, ఊరికింత బువ్వ వెడితే సాలు. అందుకే ఈడికి తోలుకచ్చిన. ఒక్కటే నాకు సమజ్ గాలే."

"ఏంది బాపు?"

"మూడో సాక్షి తక్కువ వడ్డడని ఉరికచ్చి, హోటల్ పక్కన జిరాక్స్ దుకనమాయన్ని తోలుకపోయినవ్. నాకు గూడ సంతకం అత్తది గద బిడ్డా."