చేదు కాఫీ

మధ్యాహ్నం. ఆసుపత్రిలో అత్యవసర గది బయట బెంచీ. లోపల బోర్డులు రాసే పెయింటర్; బయట అతని భార్య, తల్లి, ఎదురుగా చీటీ పట్టుకున్న నర్సు.

"మళ్లీ అడుగుతున్నానమ్మా. పొద్దున ఏం మందు వేసుకున్నాడు?"

"ఏమీ వేసుకోలేదు సిస్టర్. మూడు వారాల క్రితమే మానేశారు. మా ఇద్దరి ముందే మాత్రల కవరు గూట్లోకి విసిరేశారు. కావాలంటే అత్తయ్యని అడగండి."

"అవునమ్మా. పథ్యంతోనే తగ్గించుకుంటానని ఒకటే మొండిపట్టు. ఇద్దరం మొత్తుకున్నాం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే."

"మందు వేసుకోనివాడికి షుగర్ ముప్పై ఎనిమిదికి పడిపోతుందా పెద్దమ్మా?"

"పడిపోవడమేంటి? పెరిగి కదా కళ్లు తిరిగింది?"

"పెరగలేదు. పడిపోయింది. గ్లూకోజ్ ఎక్కిస్తే లేచింది, అరగంటలో మళ్లీ దిగింది. ఒంట్లో మందు పనిచేస్తుంటేనే ఇలా దిగుతుంది. ఈమధ్య చెమటలు, వణుకు ఉన్నాయా?"

"ఉన్నాయి. వారం నుంచి బోర్డుల మీద అక్షరాలు వంకర పోతున్నాయని ఆయనే అన్నారు. షుగర్ ఎక్కువైందనుకుని..."

"అనుకుని?"

"ఆయన అన్నం సగం చేశాను."

"సగమా! కోడలా, నువ్వు సగం చేశావని నాకు తెలీక నేనూ పళ్లెంలోంచి తీసేశాను కదే!"

"అయ్యో అత్తయ్యా!"

"వణికితే తిండి పెట్టాలమ్మా, తియ్యకూడదు. ఇవాళ ఏం తిన్నాడు?"

"పొద్దున ఒక రొట్టె. అన్నం డబ్బా తీసుకెళ్లారు గానీ, మూత కూడా తియ్యలేదట. నిచ్చెన దిగుతూనే కూలబడ్డారని షాపు వాళ్లు ఫోన్ చేశారు."

"సరే. మాత్ర సంగతి చెప్పండి. ఎన్ని ఒంట్లోకి వెళ్లాయో తెలియకపోతే ఎంతసేపు కాపలా కాయాలో డాక్టరుగారికి తెలీదు. మళ్లీ దిగితే ప్రాణం మీదికొస్తుంది."

"చెప్పాం కదమ్మా, వాడు వేసుకోడని."

"వాడు వేసుకోడు సరే. మీరెవరైనా వేశారా?"

"మేమా? మేమెందుకు వేస్తాం సిస్టర్?"

"పెద్దమ్మా, మీరు చెంగు నలుపుతున్నారు."

"అత్తయ్యా? ఏంటి?"

"ఏముందే... వాడు తాగేది చక్కెర లేని కాఫీ. చేదులో చేదు. గూట్లో పడేసిన కవరులోంచి రోజుకొకటి నూరి..."

"కాఫీలో కలిపారా? నాకొక్క మాట చెప్పలేదే!"

"నీకు చెబితే నీ నోట్లో నువ్వుగింజ నానదు. వాడికి తెలిస్తే కాఫీ కూడా మానేస్తాడని భయపడ్డాను."

"నా నోట్లోనా? మొన్న వీధిలో అందరికీ ఆయన షుగర్ నంబరు చెప్పింది ఎవరు?"

"కొట్లాట తర్వాత. మీరు చెప్పండమ్మా. మీరూ వేశారు, అవునా?"

"...రాత్రి సూపులో. పాత చీటీ చూపించి షాపులో కొన్నాను. ఒకటే సిస్టర్, ఒట్టు."

"ఓసి నీ అమ్మకడుపు చల్లగా! నన్నంటావా? నువ్వెందుకు చెప్పలేదు?"

"మొగుడికి మందు పెట్టిందని మీరే అంటారని! పెళ్లయిన కొత్తలో అన్నారు కదా?"

"ఎనిమిదేళ్ల నాటి మాట ఇప్పుడెందుకే? మూడు వారాలుగా బాగానే ఉంటున్నాం కదా!"

"ఆగండి, ఆగండి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. చీటీలో ఎన్ని రాశారు?"

"రెండు. పొద్దునొకటి, రాత్రొకటి."

"అంటే మీరిద్దరూ చాటుగా కలిసి సరిగ్గా రాసినంతే ఇచ్చారు."

"అమ్మయ్య! చూశావా కోడలా, తప్పు మనది కాదు."

"అమ్మయ్య కాదు పెద్దమ్మా. తిండి తగ్గించినా, రెండు మాత్రలకి ఇలా మళ్లీ మళ్లీ దిగదు. ఇంకా ఎక్కడో మందు ఉంది. ఇంట్లో ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు. మేం ముగ్గురమే."

"ముగ్గురే? ఉండండి... అదిగో, ఆయన కళ్లు తెరిచారు. లోపలికి రండి, మెల్లగా. ఏమయ్యా, వినపడుతోందా? నిజం చెప్పాలి. మాత్రలు వేసుకున్నావా?"

"...ఆఁ."

"ఒరేయ్ నాన్నా!"

"రోజుకెన్ని?"

"రెండు. రంగుల పెట్టెలో దాచుకుని... టైముకే వేసుకుంటున్నా."

"వీళ్లు రెండు, నువ్వు రెండు. నాలుగు, అర్ధాకలి. సరే, ఇవాళ రేపు ఇక్కణ్ణుంచి కదలవు. డాక్టరుగారికి చెప్పొస్తాను."

"ఏమండీ, బుద్ధిగా వేసుకుంటూ మానేశానని ఎందుకన్నారు? మా గుండెలు ఆగిపోయాయి. ఎందుకండీ?"

"ఏడవకే. మొదట నిజంగానే కోపంలో విసిరేశాను. మర్నాడే భయమేసి కొనుక్కున్నాను. చెబుదామని వంటింట్లోకి వచ్చాను కూడా."

"మరి చెప్పలేదేం?"

"ఒక్క ఇంట్లో ఉండి మీరిద్దరూ ఎనిమిదేళ్లు పలకరించుకోలేదు. ఆ రోజు ఒక్క బల్ల దగ్గర కూర్చుని నన్ను తిడుతున్నారు, అమ్మ నీ గ్లాసులో టీ పోస్తోంది. వేసుకుంటున్నానని చెబితే మళ్లీ లేచి చెరో దిక్కుకి వెళ్లిపోతారేమోనని, గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోయాను."