లోపల వదిలిన గుడ్డ

ఆళ్లగడ్డ టైలర్ అన్సార్ మిషన్ ఆపేసి ఫోన్‌లో ప్రపంచ ఆటల పోటీల ప్రారంభ ఊరేగింపు చూస్తున్నాడు. పక్కన కూర్చున్న భార్య మెహరాజ్ అడిగింది.

"మనం కోట్లు కుట్టిన ఆ దీవి దేశమోళ్లు ఇంకా రాలేదా?"

"ఐదుగురే గదా, యాడో ఎనకాల ఉంటారు."

"వాళ్ల కోచ్, మన నంద్యాల ఈశ్వర్ పొద్దున ఫోన్‌లో ఎందుకు అరిసినాడు?"

"జెండా పట్టే పిల్లకి కోటు పట్టలేదంట. బరువులెత్తి బుజాలు పెరిగినాయంట."

"అయ్యో! మరెట్ల?"

"వీపు కుట్టు ఇప్పి, మళ్లీ ఎట్ల కుట్టాల్నో చెప్పినా. లోపల రెండంగుళాల గుడ్డ ఎక్కువ వదిలినా."

"కోటు ఉబ్బుతాది, లోపల గుడ్డ వదలద్దని ఆయప్ప ముందే చెప్పె గదా?"

"చెప్పినాడు. ముప్పై ఏండ్లుగా బడిపిల్లోల బట్టలకు వదులుతాండా. చెయ్యి ఇనలేదు."

"అదిగో, వచ్చినారు!"

ఆ పిల్ల రెండు చేతులతో జెండా పైకెత్తింది. అన్సార్ ఫోన్ మీదికి వంగాడు. కుట్టు ఊడలేదు. ఐదుగురూ ముందుకు సాగిపోయారు. ఇప్పుడు వీపులు కనిపిస్తున్నాయి.

"అయ్యో, పాత కుట్టు గీత కనపడతాంది! లోకమంతా చూస్తాది గదా?"

"చూడనీలే. ఎదిగే పిల్లలందరికీ ఉంటాది ఆ గీత."