అరిగిన చెంప

నైజీరియాలోని ఇసెయిన్ బజారులో బెండకాయలు అమ్ముతున్న ముసలామెకు మ్యూజియం ఉద్యోగి ఒక కొయ్యబొమ్మ ఫోటో చూపించాడు.

"ఎవరు చెక్కారవ్వా?"

"ఆ చెవులు చూడు, అజిబొగున్ చెయ్యి. కవలల్లో ఒకరు పోతే, ఆ బిడ్డ బదులు ఇంట్లో సాకడానికి ఆయనే బొమ్మ చెక్కేవాడు."

"ఎవరింటిదో? కుడి చెంప చెదలు తినేసింది."

"చెదలా, నీ మొహం! మా అమ్మది పుర్రచెయ్యి. రోజూ దాని మొహం కడిగి కడిగి అక్కడే అరగదీసింది."

"అంటే, ఇది నీ..."

"నాతో పుట్టింది. నాకు బొబ్బర్లు పెట్టినప్పుడల్లా అమ్మ దానికీ పెట్టేది."

"మరి ఎవరైనా ఎత్తుకుపోయారా?"

"అమ్మ అలాగే అనుకుని ఏడ్చి ఏడ్చి పోయింది. పాస్టరు దాన్ని దెయ్యమన్నాడు. నేనే తీసుకెళ్లి పాత బొమ్మలు కొనే బేరగాడికిచ్చేశా."

"యజమాని ఎవరని రాసుకోను?"

"మా అమ్మ, అబెకే. దొంగ పేరు రాసే చోటుంటే, అక్కడ నాది రాయి."