మాస్టారి నడినెత్తి

ఏం డాక్టరండీ ఆవిడ, మాస్టారూ! ఐదు నిమిషాలు చూసి నడినెత్తిన జుట్టు కుదుళ్లు చచ్చిపోయాయని తేల్చేయడమేనా? ఈ సెలూన్ పెట్టిన ఇరవై రెండేళ్లనుంచీ మీ తల నా కత్తెర కిందే ఉంది. నన్నొక మాట అడగొద్దూ?

కాస్త తల వంచండి. ఆ, అలా.

నీళ్లు పడలేదని అనలేదా ఆవిడ? ఉప్పునీళ్లకి ఎంతమందికి రాలిపోలేదు! పోనీ దిగులేమో? హెడ్మాస్టరు ఉద్యోగమంటే మాటలా? మీ నాన్నగారిది బట్టతలా? కాదూ? అయితే అదీ కాదన్నమాట.

ఏమిటీ! మన ఒళ్లే మన జుట్టు మీద పగబట్టిందా? లోపల వాచి వాచి, మచ్చ కట్టేసిందా? అందుకా, వేలు పెడితే నున్నగా తగుల్తోంది! మరి మందు? ఉన్నది నిలబెట్టడానికేనా? పోయింది పోయినట్టేనా? అయ్యో రాత!

కదలకండి మాస్టారూ. ఏంటీ, కదుల్తోంది నేనా? అవున్లెండి, నేనే అటూ ఇటూ తిరుగుతున్నాను. పొద్దుట్నుంచీ టీ తాగలేదు.

ఏమన్నారు? మచ్చ బొత్తామంత ఉన్నప్పుడే వచ్చుంటే ఆపేవాళ్లమందా? ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదా అనడిగిందా? మీరేం చెప్పారు? ఒంటరివాణ్ణి, నా వెనకెవరు చూస్తారమ్మా అన్నారా...

దువ్వెనేదీ? ఇదిగో, జేబులోనే ఏడిచింది. నా మతి మండా!

సరే, చెప్పేస్తాను. కడుపులో దాచుకుని చస్తున్నాను. నేను చూశాను మాస్టారూ. ఇవాళ కాదు, కిందటేడే. బొత్తామంతే ఉంది. ఎర్రగా కూడా ఉంది. మీరు దురదంటే, చుండ్రులెండి అని నూనె మర్దనా చేసింది నేనే.

ఎందుకు చెప్పలేదా? ఆ ముందువారమే బట్టలకొట్టాయనతో, వెనక పల్చబడింది సార్, అని నోరుజారాను. ఆయన మొహం మాడ్చుకుని, కొడుకులిద్దర్నీ వెంటేసుకుని ఎదురుగా ఉన్న ఏసీ సెలూన్‌కి పోయాడు. మళ్లీ ఈ గడప తొక్కలేదు. మీరూ పోతారని భయమేసింది.

అందుకని, కటింగయ్యాక వెనక చిన్నద్దం పట్టి చూపిస్తాను చూడండీ, దాన్ని కాస్త కిందికి వంచేవాణ్ణి. మెడ దగ్గర గీత మాత్రమే కనపడేలా. బాగుందయ్యా అని మీరు నవ్వేవారు. ఒకసారా రెండుసార్లా? పదమూడు నెలలు! అది పెరిగేకొద్దీ చుట్టూ జుట్టు దువ్వి కప్పేవాణ్ణి. ఎవరికీ తెలీలేదని, నా పనితనమేనని మురిసిపోయాను కూడా. సిగ్గులేని వెధవని.

తిట్టండి మాస్టారూ. బడిపిల్లల్ని తిట్టినట్టు తిట్టండి.

ఏంటీ? ఆ చిన్నద్దం ఇవ్వమంటారా? ఇప్పుడెందుకండీ... సరే, ఇదిగో. కాదు, నన్ను పట్టుకోమనకండి. మీరే పట్టుకోండి. నేను పట్టుకుంటే మళ్లీ వంచేస్తాను.